నూట ఇరవై అడుగుల లోయ

ఆ రోజుల్లో ఏదైనా పోతే ముందు కూర్చుని లెక్క తీసేవాణ్ని, తర్వాతే బాధపడేవాణ్ని. లెక్క తేలేసరికి బాధ సగానికి తగ్గేది కూడా. ఆ ఒక్క ఆదివారం మేం పోగొట్టుకున్నవి ఇవి: మా అక్క ఎడమ కాలి చెప్పు, పులిహోర డబ్బా మూత (డబ్బా దొరికింది, మూత లేని ఆ డబ్బాను అక్క ఇప్పటికీ నా ముందు పెట్టి నిట్టూరుస్తుంది), మా చిన్నదాని, అదే నా కూతురి, జడలో ఉన్న సీతాకోకచిలుక పిన్ను, మా బాపు చేతికర్ర అడుగున ఉండే రబ్బరు బుడిపె, నా చొక్కా జేబు, ఆ జేబులో ఉన్న తిరుగు ప్రయాణం టికెట్లు. ఇవి కాక నా నడుములో అప్పటిదాకా ఉన్న సత్తువ ఎంతో కొంత. అన్నిటికంటే పెద్దది, నా కన్ను ఎన్నడూ తప్పదనే నమ్మకం. వీటిలో ఏదీ తిరిగి రాలేదు. చెప్పు గురించి మాత్రం అక్కకు ఇంకా ఆశ ఉంది.

అప్పటికి నాకు నలభై నిండలేదు. మహబూబాబాద్‌లో నా పని కంటితో కొలవడం. ఇసుక కుప్ప ఎన్ని ట్రాక్టర్లవుతుందో, కంకర ఎంత ఉందో, తవ్విన గుంతలోంచి ఎంత మట్టి లేచిందో చుట్టూ ఒకసారి తిరిగి చెప్పేవాణ్ని. బడిలో ఏడో తరగతితో ఆగాను. మిగతా చదువంతా కుప్పల దగ్గరే. గుత్తేదారుకూ కూలీలకూ తగువొస్తే నన్ను పిలిచేవాళ్లు. నేను చెప్పాక పట్టుబట్టి టేపు పెట్టి కొలిచినా తేడా పెద్దగా వచ్చేది కాదు. అందుకని ఊళ్లో నాకు టేపన్న అని పేరు పడింది. ఆ పేరు విన్నప్పుడల్లా విననట్టు నటించేవాణ్ని గానీ, లోపల మహా సంతోషం.

మా నాన్న, మాకు బాపు, భూపాలపల్లిలో బొగ్గు బాయి (గని) కార్మికుడు. పని దిగి చాలా ఏళ్లయినా బాయి అలవాటు ఒక్కటీ దిగలేదు. బాయిలో పని మొదలుపెట్టే ముందు కర్రతో పైకప్పును కొట్టి చూస్తారు. గట్టిగా మోగితే కప్పు మంచిది; బోలుగా మోగితే ఎప్పుడైనా కూలుతుంది, అందరూ బయటికి రావాలి. అందుకే బాపు ఎవరింటికి వెళ్లినా ముందు చేతికర్రతో గుమ్మం మీద రెండు దెబ్బలు వేసి, చెవి పెట్టి విని, అప్పుడు లోపలికి వచ్చేవాడు. (మా అత్తగారింట్లో కొత్త పైకప్పును కూడా అలాగే కొట్టి "పర్వాలేదు" అన్నాడు. వాళ్లు ఇంకా మరిచిపోలేదు.)

ఆ ఏడు బాపు కుడి కంట్లో మోతిబిందు, అంటే శుక్లం, ముదిరిందని, ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ చేసినా కన్ను దక్కదని మా వీధి డాక్టరు ఇంటికొచ్చినప్పుడు చూసి చెప్పాడు. బాపు వింటేనా. "నాకు మంచిగనే కనవడ్తుంది" అన్నదొక్కటే మాట. దాని వెనక కారణం మాకు తెలుసు. బాయిలో పనిచేసే రోజుల్లో కంటి పరీక్ష అంటే అన్‌ఫిట్ అన్నట్టే. అన్‌ఫిట్ అంటే పని పోయినట్టే. ఆ మాటకు ముప్పై ఏళ్లు భయపడ్డ మనిషి, పనే లేనప్పుడు కూడా ఆ భయాన్ని జాగ్రత్తగా దాచుకున్నాడు. దవాఖాన పేరెత్తితే అన్నం పళ్లెం ముందు నుంచి లేచిపోయేవాడు.

జనగామలో ఉండే మా అక్క ఒక రోజు ఫోన్ చేసింది. "తమ్మీ, పట్నంల గోడల మీద బొమ్మలేసి మనల్ని ఆగం జేసే జాగ ఒకటుందట. పులి నోట్ల తలకాయ వెట్టినట్టు ఫోటోలు దిగొచ్చట. కంటి దవాఖాన దానికి రెండు గల్లీల అవతల్నే. మూడింటికి డాక్టర్ దగ్గర నంబరు తీసుకున్న. పిల్ల సూస్తనంటుందని బాపును తోల్కరా. అక్కణ్నుంచి నేను మెల్లగ మలుపుత."

"మలుపుడా? బాపునా?"

"నువ్వు గమ్మునుండు. నీకు కొలుసుడే తెలుసు, మాట్లాడుడు తెల్వది."

మా చిన్నదానికి అప్పుడు పదేళ్లు. అది ఒక్కసారి అడిగితే చాలు, బాపు భూపాలపల్లి నుంచి రెండు బస్సులు మారి ముందు రోజు సాయంత్రానికే మా ఇంట్లో ఉన్నాడు. గుమ్మం మీద రెండు దెబ్బలు, "పర్వాలేదు". మా ఇంటామె మిరప చేను వదిలి రాలేనంది (ఆమె అదృష్టం అలాంటిది). మేం ముగ్గురం తెల్లవారి బండెక్కాం. జనగామలో అక్క పులిహోర డబ్బాతో ఎక్కింది. దారంతా బాపు మనవరాలికి బాయి కథలు చెప్తుంటే, అక్క నాకు కళ్లతో సైగలు చేస్తూనే ఉంది. సికింద్రాబాద్‌లో దిగేసరికే నాకు ఒక పూట పని చేసినంత అలసట వచ్చింది.

ఆ బొమ్మల మ్యూజియం బయటికి మామూలు గోదాములా ఉంది. నేల మీద కూడా బొమ్మలున్నాయి కాబట్టి చెప్పులు గుమ్మం బయటే విప్పమన్నారు. లోపల గదికో బొమ్మ, బొమ్మకు ఎదురుగా నేల మీద రెండు పాదాల గుర్తులు. అక్కడ నిలబడి ఫోన్‌లోంచి చూస్తే బొమ్మ నిజం వస్తువులా లేచి నిలబడుతుందట. ఫోన్ మా చిన్నదాని చేతిలో ఉంది, అంటే అధికారం దానిదే. "డాడీ, నోరు తెరువు. చేతులు పైకి లేపు. భయపడు. గట్ల కాదు, నిజంగ భయపడు!" నేను సొరచేప పళ్ల మధ్య వంగాను, పదంతస్తుల మేడ అంచు పట్టుకుని వేలాడాను, రాక్షసుడి గరిటెలో ముడుచుకుని కూర్చున్నాను. నా కంటికి మాత్రం ఒక్కటీ లేచి నిలబడలేదు. సొరచేప సాగదీసిన రొట్టెలా ఉంది, మేడ ఒక పక్కకు వాలిపోయింది. గోడ ఎంత పొడవో, నేల మీద రంగు ఎన్ని అడుగులు పారిందో నాకు స్పష్టంగా కనిపిస్తోంది. నున్నటి గోడ ముందు నిలబడి భయపడటం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. నాలుగో గదికి నడుము పట్టేసింది. అక్క మాత్రం ప్రతి బొమ్మ దగ్గరా ఒకే భంగిమలో, పెళ్లి ఫోటోకు నిలబడ్డట్టు, పులిహోర డబ్బా చంకలో పెట్టుకుని నిలబడింది. సొరచేప నోట్లో కూడా.

ఐదో గదిలో లోయ ఉంది. నేలంతా రెండు కొండల మధ్య చీలిక, అడుగున సన్నగా పారే నీళ్లు, మీద అడ్డంగా ఒక చెక్క. మా చిన్నది చెక్క మీదికి గెంతింది. అప్పటిదాకా గదుల గుమ్మాల దగ్గరే ఆగి, ఇక్కడ మాత్రం పాదాల గుర్తుల మీద నిలబడి ఉన్న బాపు ఒక్క కేక పెట్టాడు.

"పోరీ! ఆగు!"

దాని జడ పట్టుకుని వెనక్కి లాగాడు. (పిన్ను అక్కడ పోయింది.) నేను నవ్వుతూ, "ఏం కాదు బాపు" అని ఒక అడుగు ముందుకు వేశాను. నా చొక్కా దొరకబుచ్చుకోబోయాడు. పోనీ చొక్కా అయినా బాగుండేది, చేతికి అందింది జేబు. పర్రున చిరిగింది. టికెట్లు ఎటు ఎగిరాయో తెలియదు. గదిలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. "తాత మస్తు యాక్టింగ్ జేస్తుండు!" అని ఎవరో అన్నారు. అప్పుడు బాపు చుట్టూ చూశాడు. నేల మీద కర్రతో కొట్టాడు. గట్టి గచ్చు. ఇంకోసారి కొట్టాడు. నిజం అర్థమయ్యాక సిగ్గుపడతాడనుకున్నాను. లేదు, రొమ్ము విరుచుకున్నాడు.

"ఏమిరా టేపూ, గింత లోతు నీకు కనవడ్తలేదా?"

"లేదు బాపు. గచ్చు మీద రంగు. అంతే."

"ఎంత లోతుంటది, జెప్పు?"

"సున్నా."

"గదీ!" అని మా అక్క వైపు తిరిగాడు. "సూసినవా బిడ్డా? జిల్లా మొత్తం కుప్పలు కొలిసెటోనికి కనవడంది నాకు కనవడ్డది. ఇగ నా కండ్లకేం బీమారున్నది? ఏదో దవాఖాన, మూడు గంటలు అని గుసగుసలు పెడ్తుండ్రు గదా, ఆ నంబరు మీ తమ్మునికియ్యి."

నేను చిన్నదాని వైపు చూశాను. అది సొరచేప ఫోటోలు చాలా శ్రద్ధగా చూసుకుంటోంది. రైల్లో బాయి కథలకు బదులుగా తాతకు అది ఏం చెప్పిందో అప్పుడు తెలిసింది. గోడ గడియారంలో ఒంటిగంట. కన్ను దక్కాలంటే మూడింటికి ఆ మెట్లు ఎక్కించాలి, ఆ మనిషి చూస్తే గెలిచిన కోడిలా నడుస్తున్నాడు. నాకు పులిహోర తిని ఎక్కడైనా ఒక మూల పడుకోవాలనిపించింది.

గెలిచిన ఊపులో బాపు తర్వాతి గదిలో గోడను కర్రతో కొట్టాడు. డబ్ డబ్ మంది. గదులు వేరు చేయడానికి పెట్టిన పలుచని చెక్క గోడ మరి, ఇంకెలా మోగుతుంది. బాపు ముఖం మారింది. ఇంకాస్త పైన కొట్టాడు. డబ్. ఇంకా గట్టిగా కొట్టాడు. రబ్బరు బుడిపె ఊడి ఎటో దొర్లింది. నేను "బాపూ, అది చెక్క..." అనేలోపే ఆ ముసలి గొంతులోంచి ముప్పై ఏళ్ల బాయి లేచింది.

"కప్పు బోలుగున్నది! అందరు బయటికి నడువుండ్రి! సామాన్లు ఇడ్శిపెట్టుండ్రి! ఉరుకుండ్రి!"

ఆ గొంతు వింటే మీరైనా పరుగెత్తేవారు. కాసేపటి క్రితం చప్పట్లు కొట్టినవాళ్లే ముందు పరుగెత్తారు. ఎవరో రాక్షసుడి గరిటె లోంచి దూకారు. పిల్లలు, తల్లులు, ఫోటోలు తీసే కుర్రాళ్లు, టికెట్లు చింపే అమ్మాయితో సహా అందరూ గుమ్మం వైపు. గుమ్మం బయట చెప్పుల కుప్ప. దొరికిన చెప్పులో దొరికిన కాలు పెట్టి వీధిలో పడ్డాం. (అక్క చెప్పు, డబ్బా మూత ఇక్కడి లెక్క.) బాపు మాత్రం పరుగెత్తలేదు. బాయి పద్ధతి ప్రకారం అందరూ బయటపడే దాకా లోపలే ఉండి, చివరన వచ్చి గుమ్మం పక్కన నిలబడి, మమ్మల్ని లెక్కపెట్టుకున్నాడు.

"చిన్నది వచ్చింది. టేపుగాడు వచ్చిండు. పెద్దది ఏది? పెద్దది ఏదిరా? లోపల్నే ఉన్నట్టుంది!"

మా అక్క బాపు కుడి భుజానికి ఆనుకునే నిలబడి ఉంది. ఒంటి చెప్పుతో, మూత లేని డబ్బాతో, ఆయన మాటను నోరు తెరుచుకుని వింటూ. బాపు ఆమె వైపు ముఖం కొద్దిగా తిప్పాడు, అయినా చూడలేదు. "బిడ్డ లోపలుండిపోయింది!" అని వెనక్కి తిరిగి, కూలుతుందని తానే చెప్పిన ఆ కప్పు కిందికి మళ్లీ పరుగెత్తబోయాడు. అక్క చెయ్యి పట్టుకుంది.

"బాపూ. నేన్ గీడనే ఉన్న."

బాపు పూర్తిగా ఇటు తిరిగాక గానీ ఆమె కనిపించలేదు. మసకగా ఉందేమో అని మేం అనుకుంటున్న ఆ కుడి కన్నుతో ఆయనకు ఏమీ కనిపించడం లేదు.

అంతలో మ్యూజియం మేనేజరు వచ్చి అరిచాడు, అక్క తిరిగి రెండింతలు అరిచింది, "గోడలు గట్టిగ కట్టుకోరాదా" అని ఆయన్నే దబాయించింది. నన్ను డబ్బా మూత వెతకమని లోపలికి పంపింది. లోపల ఎవరూ లేరు. మూత లేదు. లోయ గదిలో పాదాల గుర్తుల మీద అలసటగా నిలబడ్డాను. అప్పుడెందుకో కుడి కంటి మీద అరచెయ్యి పెట్టుకున్నాను.

నేల తెరుచుకుంది. నిజంగా చెప్తున్నాను, నా కాలి వేళ్ల ముందు నుంచి నేల విరిగి కిందికి వెళ్లిపోయింది. కొండల అంచులు, అడుగున నీళ్లు, చెక్క గాలిలో. అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయాను. చెయ్యి తీశాను, రంగు. పెట్టాను, లోయ. రెండు కళ్లుంటే గోడ గోడలా కనిపిస్తుంది. ఒక్క కన్నుతోనే లోతు. ఫోన్‌కు ఉన్నది కూడా ఒక్క కన్నే. మా బాపు నటించలేదు. ఈ లోతులోంచే మనవరాలిని జడ పట్టి, నన్ను జేబు పట్టి బయటికి లాగాడు. అలవాటు కొద్దీ, చెయ్యి కంటి మీదే ఉంచుకుని, లోతు అంచనా వేశాను.

బయట ఫుట్‌పాత్ మీద ముగ్గురూ మూత లేని డబ్బా చుట్టూ కూర్చుని పులిహోర తింటున్నారు. బాపు తల వంచుకుని మెల్లగా అంటున్నాడు.

"పోయిన దసరా ముంగటి నుంచే కనవడ్తలేదు బిడ్డా."

"మరి చెప్పవెందుకు బాపు? నీకిప్పుడు బాయి లేదాయె, ఎవరంటరు అన్‌ఫిట్ అని?"

"బాయి లేకుంటేంది, ఇల్లున్నది గద. పిల్లను చెయ్యి వట్టి దుకాణానికి తోల్కపోనిస్తరా మీరు? నీకు కండ్లు కనవడయి, గమ్మున కూసో అంటరు. అదేంది మల్ల, అన్‌ఫిట్ కాదా?"

మా చిన్నది తినడం ఆపి, "తాతా, నేనే నిన్ను చెయ్యి పట్టి తోల్కపోత" అంది. బాపు దానికి కూడా ఒప్పుకునేలా లేడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఎడమ పక్కన.

"బాపు, నేను తప్పు చెప్పిన. ఒక్క కన్నుతోని సూసొచ్చిన ఇప్పుడు. లోయ ఉన్నది. నూట ఇరవై అడుగులుంటది."

బాపు తలెత్తాడు. "నూట ఇరవయ్యేనా?" అన్నాడు. "ఎక్కువనే ఉంటదిరా. బాయి దిగినోణ్ని, నాకు తెల్వదా లోతు?"

"నూట ఇరవై బాపు. మీద ఒకటో రెండో అడుగులు."

"సరే తీయి, నూట ఇరవయ్యే అనుకో." చేతులు కడుక్కున్నాడు. రబ్బరు లేని కర్ర అందుకుని లేచాడు. "కొడుకును సున్నా నుంచి నూట ఇరవైకి తెచ్చిన. ఇగ ఆ దవాఖాన ఏందో సూద్దాం నడువుండ్రి. ఆ గోడలన్న గట్టిగున్నయో లేవో."

అక్క ఒంటి చెప్పుతో, నేను చిరిగిన జేబుతో, పిన్ను లేని జడతో చిన్నది, ముందు బాపు కర్ర టక్కుటక్కుమంటూ ఆ రెండు గల్లీలు నడిచాం. దవాఖాన గుమ్మం మీద రెండు దెబ్బలు పడ్డాయి. "పర్వాలేదు" అన్నాడు. ఆపరేషన్ అయ్యింది. కన్ను దక్కింది. పట్టీ విప్పిన రోజు ముందుగా మా అక్కను చూసి, "ఇంత లావైనవేందే?" అన్నాడు. ఆమె సంతోషంతో ఏడ్చింది, తర్వాత రెండు రోజులు మాట్లాడలేదు.

మరుసటి ఎండాకాలం చిన్నది మళ్లీ అక్కడికే పోదామని పట్టుబట్టింది. (మమ్మల్ని లోపలికి రానిచ్చారు. కర్ర మాత్రం బయట పెట్టమన్నారు.) బాపు నేరుగా ఐదో గదికి నడిచి, పాదాల గుర్తుల మీద నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. ఒక అడుగు ముందుకు వేసి రంగు మీద నిలబడ్డాడు. కాలితో రుద్దాడు.

"ఏదిరా?"

"రెండు కండ్లతోని కనవడదు బాపు. ఒకటి మూసుకొని సూడు."

"నువ్వు మూసుకో. గింత తిప్పలవడి తెరిపిచ్చుకున్న కన్ను, నేనెందుకు మూస్తా?" అని వెనక్కి తిరిగాడు. గుమ్మం దగ్గర ఆగి, "గట్లైతే కన్ను తెరిపిచ్చి నా లోయ గుంజుకున్నవ్, అదొకటి నీ దగ్గర బాకీ ఉన్నట్టే" అన్నాడు.

ఇప్పుడు నాకు నలభై ఆరు. ఈ మధ్య కంకర కుప్ప అంచు కాస్త అలుక్కుపోయినట్టు కనిపిస్తోంది; చుట్టూ ఒకసారి కాదు, మూడుసార్లు తిరుగుతున్నాను. చిన్నది కాలేజీకి పోతోంది. మొన్న, "డాడీ, కండ్లు సూపిచ్చుకుందువు రా" అంది. "నాకు మంచిగనే కనవడ్తుంది" అన్నాను. అన్నాక నా గొంతు నాకే ఎక్కడో విన్నట్టనిపించి నవ్వొచ్చింది. అదే రాత్రి తాతకు ఫోన్ చేసి చెప్పేసింది. రహస్యం దాని దగ్గర ఆగదు. బాపు భూపాలపల్లి నుంచి వెంటనే నాకు ఫోన్ చేశాడు. రెండు కళ్లూ బాగున్న మనిషి గొంతు ఎంత ధీమాగా ఉంటుందో అంత ధీమాగా, "ఎప్పుడు పోదామో జెప్పు, నేనే చెయ్యి వట్టి తోల్కపోత. మల్ల నా బాకీ ఎప్పుడిస్తవురా టేపూ?" అన్నాడు.

"ఎంత బాపు?" అన్నాను, తెలియనట్టు.

"నూట ఇరవై అడుగులు."